అరిస్టోఫనీస్ నాటకాల అంచుల్లో ఉన్న పాత గ్రీకు వ్యాఖ్యల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుగా అర్థం చేసుకుని ఉంటే సరిదిద్దండి. మీరు ప్రాచీన గ్రీకు హాస్యకవి అరిస్టోఫనీస్ రాసిన 'కప్పలు' నాటకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నారు. మీ దగ్గరున్న పుస్తకంలో పేజీకొకసారైనా 'స్కోలియా ప్రకారం' (అంటే ఆ పాత అంచు వ్యాఖ్యల ప్రకారం) అంటూ ఫుట్‌నోట్ వస్తోంది. ఉదాహరణకి మూడు ఇచ్చారు. ఈ నాటకాన్ని ఏథెన్స్‌లో మళ్లీ రెండోసారి ఆడించారని ఒకటి. హెగెలోకస్ అనే నటుడు స్టేజీ మీద ఒక మాట తప్పు పలికి నవ్వులపాలయ్యాడని రెండోది. విషాదనాటక కవి యూరిపిడీస్ తల్లి కూరగాయలు అమ్ముకునేదని మూడోది. ఈ స్కోలియా ఎవరు రాశారు, ఇవి నిజాలే అనుకుని తెలుగు పాఠకులకి చెప్పేయొచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే: మొదటిది నమ్మండి. రెండోది నిశ్చింతగా నమ్మండి. మూడోది నమ్మకండి. మూడూ దాదాపు ఒకే చోటి నుంచి వచ్చినవే అయినా మూడింటి విలువ ఒకటి కాదు. స్కోలియాని మొత్తంగా నమ్మడమూ తప్పే, మొత్తంగా తీసిపారేయడమూ తప్పే. ఒక్కో వాక్యం దగ్గర ఆగి ఒకే ఒక్క ప్రశ్న వేయాలి: ఇది రాసినవాడి చేతిలో, మన చేతిలో లేనిది ఏముంది? ఏదో ఉందని తేలితే వినాలి. నాటకంలోని పంక్తి తప్ప ఇంకేమీ లేదని తేలితే అతనూ మనలాంటి పాఠకుడే, ఊహించి చెప్తున్నాడు, అంతే.

నేను గ్రీకు నేర్చుకుని, పిల్లలకి నేర్పుతూ పాతికేళ్లు గడిపాను. అందులో సగం రోజులు ఈ అంచురాతలతోనే పోయాయి. కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు ఇవి ఏమిటో. స్కోలియా అంటే బహువచనం, ఒక్కదాన్ని స్కోలియన్ అంటారు. రాతప్రతిలో నాటకం పేజీ మధ్యలో ఉంటుంది, చుట్టూ అంచుల్లో సన్నటి అక్షరాలతో ఈ వ్యాఖ్యలు ఉంటాయి. కొన్ని ఒక్క మాట అర్థం చెప్పి వరుసల మధ్య ఇరుక్కుని ఉంటాయి. అరిస్టోఫనీస్ నలభై దాకా నాటకాలు రాస్తే మనకి పూర్తిగా మిగిలినవి 11. ఆ పదకొండూ ఒకేచోట ఉన్న పాత ప్రతి ఒక్కటే, 10వ శతాబ్దం మధ్యలో రాసింది, ఇటలీలోని రావెన్నాలో ఉంది. వెనిస్‌లో ఉన్న ఇంకో ప్రతిలో నాటకాలు ఏడే గానీ వ్యాఖ్యలు రావెన్నా ప్రతిలో కన్నా నిండుగా ఉంటాయి. మీ ఫుట్‌నోట్లలో గ్రీకు సిగ్మా అక్షరం, దాని పక్కన ఆర్, వీ అని చిన్న అక్షరాలు కనిపిస్తే అవి ఈ రెండు ప్రతులు.

మన కావ్యాలకి టీకా తాత్పర్యాలు ఉన్నట్టే కదా అనిపిస్తుంది. కొంత నిజమే. మాటని ఎత్తి చూపి (మనవాళ్లు ప్రతీకం అనేది అదే) కింద అర్థం చెప్పడం, పాఠాంతరం ఇవ్వడం, లోపించిన మాటని అధ్యాహారం చేయడం, ఇవన్నీ ఇక్కడా ఉన్నాయి. కానీ మల్లినాథసూరి వ్యాఖ్య తెరిస్తే ఒక మనిషి గొంతు వినిపిస్తుంది. స్కోలియా అలా కాదు. తాత మొదలుపెట్టి, తండ్రి కొనసాగించి, మనవడు పాతది చిరిగిపోతోందని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసిన ఇంటి పద్దుల పుస్తకం లాంటిది. ఎత్తి రాసేటప్పుడు మనవడు కొన్ని వదిలేశాడు, కొన్ని కుదించాడు, రెండు మూడు తనవి చేర్చాడు. ఏది ఎవరిదో చాలాచోట్ల చెప్పలేదు.

ఆ తరాలు ఏవో క్లుప్తంగా: 'కప్పలు' ఆడింది క్రీ.పూ. 405లో. దాని మీద గట్టి పాండిత్యం మొదలైంది తర్వాతి శతాబ్దాల్లో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో. ఎరటోస్తనీస్ (భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఆయనే) పాత కామెడీ (అరిస్టోఫనీస్ కాలపు హాస్యనాటకాలు) మీద పెద్ద గ్రంథం రాశాడు. తర్వాత బైజాంటియం అనే ఊరికి చెందిన, బైజాంటియం అరిస్టోఫనీస్ అనే పండితుడు. కవికీ ఈయనకీ పేరొకటే కాబట్టి కొత్తవాళ్లు ఎప్పుడూ తికమక పడతారు. ఈయన పుట్టింది క్రీ.పూ. 257 ప్రాంతంలో, అంటే కవి పోయిన నూట పాతికేళ్ల పైమాటే. తర్వాత క్రీ.పూ. 1వ శతాబ్దంలో డిడిమస్. వేల పుస్తకాలు రాశాడని చెప్పుకునేవాళ్లు, అందుకే 'కంచు పేగులవాడు' అని పేరు పడింది. తను ముందు పుస్తకంలో ఏం రాశాడో తర్వాతి పుస్తకంలో మరిచిపోయేవాడని ఇంకో ముద్దుపేరు కూడా ఉంది. క్రీ.శ. 100 ప్రాంతంలో సిమ్మకస్ ఈ పాత వ్యాఖ్యలన్నీ కలిపి తన వ్యాఖ్య తయారుచేశాడు. వెనిస్ ప్రతిలో అరిస్టోఫనీస్ 'మేఘాలు' నాటకం చివర ఒక వాక్యం ఉంది: పాదాల విభజన హెలియోడోరస్ నుంచి, పక్కన రాసినవి ఫయీనస్, సిమ్మకస్, మరికొందరి నుంచి అని. అంటే మన ముందున్నది సారాంశానికి సారాంశం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. అలెగ్జాండ్రియా వాళ్లు నాటకం చూడలేదు. ఏథెన్స్ వీధుల్లో ఎవరి మీద ఏం జోకులు తిరిగేవో వాళ్లకి తెలియదు. కానీ వాళ్ల అల్మారాల్లో ఉన్నవి మనకి లేవు. అరిస్టోఫనీస్‌తో పోటీపడిన హాస్యకవులు క్రటీనస్, యూపోలిస్ నాటకాలు మొత్తం ఉన్నాయి. ఏ ఏడు ఏ పోటీలో ఎవరు గెలిచారో చెప్పే జాబితాలు ఉన్నాయి. ఏథెన్స్ చరిత్రని ఏడాదివారీగా రాసిన ఫిలోకొరస్ పుస్తకం ఉంది. మనకి అవన్నీ పోయాయి. స్కోలియా విలువంతా అక్కడే.

ఒక మంచి ఉదాహరణ చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. 'అశ్వికులు' నాటకంలో 400వ పంక్తిలో ఒకడు ఒట్టు పెట్టుకుంటాడు: నిన్ను నేను ద్వేషించకపోతే క్రటీనస్ ఇంట్లో పక్కమీది తోలునైపోతాను అని. ముసలి క్రటీనస్ తాగి పక్క తడుపుతాడని వెక్కిరింత. అదే నాటకంలో మరోచోట, పాపం ఒకప్పుడు గొప్పవాడు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు అని జాలి కూడా ఒలకబోస్తాడు. ఇది క్రీ.పూ. 424. మరుసటి ఏడు పోటీలో ఏమైందో తెలుసా? క్రటీనస్ 'సారాబుడ్డి' అనే నాటకంతో వచ్చి మొదటి బహుమతి కొట్టాడు. అరిస్టోఫనీస్ 'మేఘాలు'కి మూడో స్థానం.

ఆ 'సారాబుడ్డి' పోయింది. ముక్కలు మాత్రమే మిగిలాయి. కానీ దాని కథ మనకి తెలుసు, ఎలాగంటే ఈ 400వ పంక్తి పక్కన ఉన్న వ్యాఖ్య చెప్పింది కాబట్టి. అందులో కామెడీ అనే ఆవిడ క్రటీనస్ భార్య. నన్ను వదిలేసి తాగుడు వెంట పడ్డాడు, నాటకాలు రాయడం మానేశాడు, విడిపోతానంటుంది, కోర్టుకెక్కుతానంటుంది. క్రటీనస్ స్నేహితులు వచ్చి, తొందరపడకమ్మా, అసలేం జరిగిందో చెప్పు అని బతిమాలతారు. తనని వెక్కిరించిన కుర్రాడి జోకునే తీసుకుని, తనే హీరోగా నాటకం రాసి, ఆ కుర్రాణ్ణే ఓడించాడన్నమాట. ఆ వ్యాఖ్య రాసినవాడు ఇది ఊహించి రాయలేడు. 400వ పంక్తిలో భార్య లేదు, స్నేహితులు లేరు, కోర్టు లేదు. ఆ నాటకాన్నో దాని సారాంశాన్నో చదివినవాడే అలా రాయగలడు. పంక్తిలో లేని వివరం, పంక్తిని వివరించడానికి అవసరం కూడా లేని వివరం వ్యాఖ్యలో ఉంటే దాని వెనక నిజమైన ఆధారం ఉండే అవకాశం ఎక్కువ. ఇది నా బండగుర్తు.

ఇప్పుడు దీనికి ఎదురుది, నేను తప్పులో కాలేసినది. అదే 'అశ్వికులు'లో పాఫ్లగోనియన్ అనే పాత్ర ఉంటుంది, అంటే పేరు మార్చిన క్లియోన్, అప్పట్లో ఏథెన్స్‌ని ఏలుతున్న నాయకుడు. వాడు రంగం మీదికి రాకముందే ఒక పాత్ర ప్రేక్షకులతో అంటుంది: భయపడకండి, మొహం అచ్చంగా అతనిలా ఉండదు, భయంతో ఏ మాస్కుల పనివాడూ అతని పోలిక చెక్కలేదు అని. పాత వ్యాఖ్యలు దీనికి ఒక కథ జోడిస్తాయి: ఏ నటుడూ ఒప్పుకోకపోతే అరిస్టోఫనీసే మొహానికి రంగు పులుముకుని క్లియోన్ వేషం వేశాడట. ఎంత బాగుంది! చదువుకునే రోజుల్లో ఒక సెమినార్ పేపర్ మొత్తం దీని మీదే కట్టాను. కవి ధైర్యం, అధికారం, వేషం... బోలెడు మాటలు. చదవడం అయ్యాక మా గురువుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒక్కటే అడిగారు: "ఎవరు చూశారటండీ?" నా దగ్గర జవాబు లేదు. ఆయన నన్ను 'అండీ' అన్నారంటే కోపం వచ్చిందని క్లాసులో అందరికీ తెలుసు.

తర్వాత మళ్లీ కూర్చుని చూస్తే గుట్టు తెలిసింది. మాస్కు చేయలేదు అని పంక్తి చెప్తోంది. మాస్కు లేకపోతే మరి ఏం పెట్టుకున్నాడు? రంగు పూసుకున్నాడు. పనివాళ్లే భయపడితే నటులు? వాళ్లూ భయపడి ఉంటారు. మరి ఎవరు వేశారు? కవే. ఒక్కో మెట్టూ ఆ పంక్తిలోంచే పుట్టింది. ఒక రికార్డు లేదు, ఒక పాత రచయిత పేరు లేదు. ఇలాంటి స్వకల్పిత వివరణలు స్కోలియాలో కొల్లలు. రాసినవాడు అబద్ధం చెప్పాలని రాయలేదు, పక్కన కూర్చున్న కుర్రాడికి పాఠం చెప్తూ ఖాళీ పూరించాడు. టీచర్లందరం చేసే పనే.

మీ మూడో ఫుట్‌నోట్ ఈ జాతిదే. 'కప్పలు'లో ఎస్కిలస్ అనే మరో విషాదకవి యూరిపిడీస్‌ని "పొలం దేవత కొడుకా" అని పిలుస్తాడు. వేరే నాటకాల్లో కూడా అతని తల్లి మీద ఆకుకూరల జోకులు ఉన్నాయి. వ్యాఖ్య వాటిని అలాగే జీవితచరిత్రగా మార్చేసింది: తల్లి కూరగాయలమ్మ కాబట్టి అలా అన్నాడు అని. జోకుకి సాక్ష్యం జోకే. పైగా 10వ శతాబ్దపు సూడా అనే గ్రీకు నిఘంటువు, ఇది నిజం కాదు, ఆవిడ గొప్ప వంశంలో పుట్టిందని ఫిలోకొరస్ రుజువు చేశాడు అని స్పష్టంగా చెప్తోంది. అప్పటి ప్రేక్షకులు ఆ జోకుకి ఎందుకు నవ్వారన్నది వేరే ప్రశ్న. మీ నోట్‌లో 'కామెడీల్లో ఇలా ఎగతాళి చేసేవారు' అని రాయండి, 'అమ్మేది' అని రాయకండి. ఆ చిన్న తేడా చాలు.

అయితే అన్నీ ఇలా నలుపు తెలుపుగా తేలవు. మధ్యరకానివి కూడా ఉన్నాయి. ఏథెన్స్‌లో కామెడీ మీద సెన్సారు ఉండేదా అని ఎవరైనా అడిగితే రెండు వ్యాఖ్యలు చూపిస్తారు. పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి 'అకార్నియన్లు' 67వ పంక్తి దగ్గరిది. పంక్తిలో ఉన్నదల్లా యూథిమెనీస్ అనే అధికారి పేరు (ఏథెన్స్‌లో సంవత్సరాన్ని ఆ ఏటి ఆర్కాన్ పేరుతో చెప్పేవారు). వ్యాఖ్య చెప్తుంది: కామెడీలో ఎగతాళి చేయకూడదన్న శాసనం మోరికిడీస్ ఏడాదిలో వచ్చింది, ఆ ఏడూ తర్వాతి రెండేళ్లూ అమలైంది, యూథిమెనీస్ ఏడాదిలో రద్దయింది. మన లెక్కలో క్రీ.పూ. 440 నుంచి 437 మధ్య. మధ్యలోని ఇద్దరు ఆర్కాన్ల పేర్లు కూడా ఇచ్చాడు. ఇది పంక్తిలోంచి పుట్టే అవకాశమే లేదు, ఏదో రికార్డు చూసి రాసింది. నమ్మొచ్చు.

రెండోది 'పక్షులు' 1297వ పంక్తి దగ్గరిది. సిరకోసియస్ అనే ఉపన్యాసకుణ్ణి అక్కడ వాగుడుకాయ పిట్ట అంటారు. వ్యాఖ్య ఏమంటుందంటే, ఎవర్నీ పేరు పెట్టి వెక్కిరించకూడదని ఇతను శాసనం చేసినట్టు *తోస్తోంది* అని. ఆ 'తోస్తోంది'ని చాలామంది చూడకుండా దాటేస్తారు. ఆధారంగా ఫ్రినికస్ అనే మరో హాస్యకవి పంక్తులు ఇచ్చాడు, వాటి సారం ఇది: సిరకోసియస్‌కి గజ్జి పట్టుకోను, నేను వెక్కిరిద్దామనుకున్నవాళ్లని నాకు లేకుండా చేశాడు. ఇక్కడ వ్యాఖ్యాత చేతిలో మన దగ్గర లేనిది ఒకటి ఉంది, ఫ్రినికస్ నాటకం. కానీ శాసనం మాత్రం అతని చేతిలో లేదు. ఆ పంక్తుల నుంచి శాసనం దాకా వెళ్లింది అతని ఊహ. పైగా 'పక్షులు' నిండా పేర్లు పెట్టి తిట్టిన తిట్లే. అందుకే నేను ఆ పంక్తుల్ని నమ్ముతాను, శాసనాన్ని నమ్మను. ఒకే వ్యాఖ్యని ఇలా రెండు ముక్కలుగా కోయడం అలవాటు చేసుకోవాలి.

వ్యాఖ్యాతలు అన్నిసార్లూ జోకుని మింగేసేవాళ్లు అనుకుంటే అదీ పొరపాటే. 'శాంతి' నాటకంలో 605వ పంక్తి దగ్గర హెర్మీస్ దేవుడు ఏథెన్స్‌కీ స్పార్టాకీ మధ్య యుద్ధం ఎలా వచ్చిందో చెప్తాడు: శిల్పి ఫిడియాస్ ఇరుక్కున్నాడు, తనూ ఇరుక్కుంటానని భయపడి ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ఊరికి నిప్పుపెట్టాడు అని. దీని పక్కన వ్యాఖ్య ఫిలోకొరస్ పుస్తకం తెరిచి చూపిస్తుంది. ఫలానా ఆర్కాన్ ఏడాదిలో 44 టాలెంట్ల (టాలెంట్ అంటే అప్పటి బరువు కొలత) బంగారంతో ఎథీనా విగ్రహం ప్రతిష్ఠించారు, ఫిడియాస్ మీద లెక్కల తగాదా వచ్చింది, అతను ఎలిస్ అనే చోటికి పారిపోయాడు. ఇక యుద్ధానికి దారితీసిన, పొరుగు నగరం మెగారాతో గొడవ ఇంకో ఆర్కాన్ ఏడాదిలో, అతను *ముందు చెప్పినవాడి నుంచి ఏడోవాడు*. కాబట్టి ఏడేళ్ల కిందటి సంగతితో పెరిక్లీస్‌ని అనుమానించడం అర్థం లేనిది అని తేల్చేశాడు. నాటకంలో కవి చెప్పినదాన్ని చరిత్ర పుస్తకంతో సరిచూసి, కుదరదు అని చెప్పిన వ్యాఖ్య ఇది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ రెండు ఆర్కాన్ల పేర్లూ రాతప్రతుల్లో పాడైపోయాయి. మొదటిచోట పిథోడోరస్ అని ఉంది, రెండోచోట స్కిథోడోరస్ అని ఉంది. ఆ రెండోపేరుతో అసలు ఆర్కానే లేడు. సరైనవి థియోడోరస్ (438), పిథోడోరస్ (432) అని తర్వాతి పండితులు దిద్దారు. దిద్దుబాటు సరైనదేనా అని నాకూ మొదట అనుమానం ఉండేది. వేళ్ల మీద లెక్కపెట్టాను: 438, 437, 436, 435, 434, 433, 432. సరిగ్గా ఏడోవాడు. లేఖకుడు పేర్లు చెడగొట్టాడు గానీ ఆ 'ఏడు'ని ముట్టుకోలేదు. ఇలాంటివి దొరికినప్పుడు ఒంటరిగా లైబ్రరీలో కూర్చుని నవ్వుకుంటాను, చూసేవాళ్లు ఏమనుకున్నా సరే.

మీ మొదటి ఫుట్‌నోట్‌కి వస్తే, రెండోసారి ప్రదర్శన సంగతి నిజానికి అంచు వ్యాఖ్యలోది కాదు, నాటకం ముందు పెట్టే చిన్న పీఠికలోది. వీటిని హిపోథెసిస్ అంటారు, స్కోలియాతో కలిపే అచ్చువేస్తారు కాబట్టి మీ అనువాదకుడు అలా రాసి ఉంటాడు. ఆ పీఠిక ఏమంటుందంటే, అందులోని పరాబసిస్ వల్ల నాటకాన్ని ఎంతగా మెచ్చుకున్నారంటే మళ్లీ ఆడించారు, ఈ మాట డికయార్కస్ చెప్పాడు అని. పరాబసిస్ అంటే కోరస్ నేరుగా ప్రేక్షకులతో మాట్లాడే ఘట్టం. ఇందులో హక్కులు పోగొట్టుకున్న పౌరులకి తిరిగి హక్కులివ్వండి అని సలహా ఇస్తుంది. డికయార్కస్ ఎవరు? అరిస్టాటిల్ శిష్యుడు. ఆ గురుశిష్యుల బృందం నాటక పోటీల రికార్డులు సేకరించింది. పేరున్న సాక్షి, కవి పోయాక ఒక శతాబ్దం లోపలివాడు. అందుకే నమ్మమన్నాను.

ఇక హెగెలోకస్. ఇది అనువాదకుడిగా మీకు నిద్రపట్టకుండా చేసేది, కాబట్టి కొంచెం ఆగుదాం. పాతాళంలో దయ్యం మాయమైపోయాక బానిస క్సాంథియస్ అంటాడు: హెగెలోకస్‌లా మనమూ చెప్పుకోవచ్చు, అలల తర్వాత మళ్లీ 'గలే' కనిపిస్తోంది అని. గలే అంటే ఇంట్లో ఎలుకలు పట్టడానికి పెంచుకునే, ముంగిసలాంటి జంతువు. వ్యాఖ్య లేకపోతే ఇది పిచ్చి మాటే. వ్యాఖ్య చెప్తుంది: మూడేళ్ల ముందు, క్రీ.పూ. 408లో, యూరిపిడీస్ 'ఓరెస్టీస్' ఆడుతున్నప్పుడు హెగెలోకస్ "గలేన్ హొరో" అనాలి. అలలు పోయి ప్రశాంతత కనిపిస్తోంది అని అర్థం. అసలు మాట 'గలేనా', చివరి అచ్చు సంధిలో లోపిస్తుంది. లోపించినా లోపించినట్టు వినపడేలా పలకాలి. ఊపిరి చాలక అక్కడ స్వరం మారింది, జనానికి 'గలేన్', అంటే జంతువు, వినిపించింది. మంచి విషాద ఘట్టంలో థియేటర్ గొల్లుమంది.

దీన్ని ఎందుకు నిశ్చింతగా నమ్మమన్నానంటే, ఆ వ్యాఖ్యల్లో ఇంకో ఇద్దరు హాస్యకవులు, స్ట్రాటిస్, సానిరియన్, ఇదే తప్పుని వెక్కిరించారని వాళ్ల పంక్తులు ఎత్తి చూపించారు. సానిరియన్ నాటకంలో కన్నంలోంచి దూరడానికి ఏ రూపం ఎత్తాలా అని ఒక పాత్ర ఆలోచిస్తుంది. గలే అయితే? వద్దు, ఆ హెగెలోకస్ చూసి గట్టిగా అరిచేస్తాడు అంటుంది. ముగ్గురు కవులు ఒకే నటుడి ఒకే తప్పు మీద పడ్డారంటే అది ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

తెలుగులో ఎలా చేయాలో నేనూ కొన్నాళ్లు తంటాలు పడ్డాను. 'తెరిపి లేచింది' అనబోయి మధ్యలో ఊపిరి తెగి 'పిల్లి లేచింది' అయినట్టు పెడదామనుకున్నాను. పిల్లి బాగానే దొరికింది గానీ తెలుగులో తెరిపి 'ఇస్తుంది', లేవదు. పలికేవాడు తప్పు పలకాలి గానీ రాసేవాడు తెలుగు తప్పు రాయకూడదు కదా. వదిలేశాను. మీకు అంతకన్నా మంచిది తడితే తప్పకుండా ఇక్కడ పెట్టండి.

గ్రీకు రాకుండా ఇవి చదవగలనా అని కూడా అడిగారు. కొంతవరకు చదవగలరు. రావెన్నా ప్రతిలోని వ్యాఖ్యల్ని రూథర్‌ఫర్డ్ 1896లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. పాతదే, దిద్దుబాట్లు అతిగా చేశాడు, అయినా వాసన తెలుస్తుంది. పండితులు ఇప్పుడు వాడేది నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 1960 నుంచి సంపుటాలుగా వచ్చిన ముద్రణ. దానికి గ్రీకు కావాలి.

గ్రీకు అక్షరాలు నేర్చుకుంటే మాత్రం ముందు ఈ నాలుగు మాటలు పట్టుకోండి, సగం పని అయిపోతుంది. 'అంతి తూ' అని ఉంటే 'దీనికి బదులు', అంటే అర్థం చెప్తున్నాడు. 'గ్రఫెతై' అంటే పాఠాంతరం. 'పరా ప్రొస్దోకియన్' అంటే శ్రోత ఒకటి ఎదురుచూస్తుంటే కవి ఇంకోటి అన్నాడని, అంటే అక్కడ జోకు ఉందని. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: 'అల్లోస్'. మన సంస్కృత వ్యాఖ్యల్లో 'యద్వా' లాంటిది, 'లేదా ఇంకో విధంగా' అని. అది కనిపించిందంటే అక్కడితో ఒక పుస్తకం నుంచి ఎత్తి రాసింది అయిపోయి, ఇంకో పుస్తకం నుంచి మొదలైందని గుర్తు. మొదట్లో నేను దాన్ని పట్టించుకోకుండా రెండు వ్యాఖ్యల్నీ ఒకే మనిషి మాటగా చదివి, ఈయన తనకి తనే అడ్డం మాట్లాడుతున్నాడేమిటి అని ఒక వారం తల బద్దలు కొట్టుకున్నాను. మాట్లాడుతున్నది ఇద్దరు. వాళ్ల మధ్య రెండు వందల ఏళ్లు ఉండొచ్చు.

ఇంకో జాగ్రత్త, మీరు చేస్తున్నది 'కప్పలు' కాబట్టి. మధ్యయుగాల బైజాంటైన్ సామ్రాజ్య కాలంలో బళ్లలో 'ప్లూటస్', 'మేఘాలు', 'కప్పలు' ఈ మూడూ తెగ చదివించేవారు. అందువల్ల ఈ మూడింటికి పాత వ్యాఖ్యల మీద ఇంకో పొర చేరింది: 12వ శతాబ్దంలో ట్జెట్జీస్, 14వ శతాబ్దం మొదట్లో థామస్ మజిస్టర్, ట్రిక్లీనియస్. ట్రిక్లీనియస్‌కి ఛందస్సు బాగా తెలుసు, ఆ విషయంలో వినండి. కానీ క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ సంగతులకి ఈ పొర దాదాపు పనికిరాదు. మీ ఫుట్‌నోట్ 'స్కోలియా' అని మాత్రమే అంటే అది పాతదో కొత్తదో ముందు తెలుసుకోండి. ఇంగ్లీషు అనువాదకులు చాలామంది ఆ తేడా చెప్పరు. ఇది నాకు ఎప్పుడూ చిరాకే.

వ్యాఖ్యాతల మీద మరీ చిన్నచూపు వద్దని ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. 'మేఘాలు' 553వ పంక్తి దగ్గర యూపోలిస్ రాసిన 'మారికాస్' నాటకం ప్రస్తావన వస్తుంది. అలెగ్జాండ్రియా పండితుడు కల్లిమకస్ దీన్ని పట్టుకుని, పోటీల రికార్డులు తప్పు అన్నాడు: 'మేఘాలు' ముందు ఆడింది, 'మారికాస్' రెండేళ్ల తర్వాత ఆడింది, మరి ముందు వచ్చినదాంట్లో తర్వాత వచ్చినదాని పేరెలా ఉంటుంది? ప్రశ్న న్యాయమైనదే. దానికి ఎరటోస్తనీస్ జవాబు ఆ వ్యాఖ్యలో ఉంది: రికార్డు తప్పు కాదయ్యా, రికార్డులో ఉన్నది స్టేజీ మీద ఆడిన 'మేఘాలు'. నువ్వు చదువుతున్నది ఓడిపోయాక కవి కూర్చుని తిరగరాసిన 'మేఘాలు'. ఈ మాట తర్వాత ఇన్నాళ్లకి కూడా మనం ఆ నాటకం గురించి క్లాసులో మొదట చెప్పేది అదే.

మీ దగ్గర ఇంకేమైనా ఫుట్‌నోట్లు మిగిలి ఉంటే పంక్తి నంబరుతో సహా పెట్టండి. నంబరు లేకుండా మాత్రం పెట్టకండి, వెతకలేక చస్తాను.